చల్లగా ఉంటే అన్ని బ్రేక్ ప్యాడ్లూ మంచివే

రూ.650. మూడేళ్ల కిందట నా స్విఫ్ట్ ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్ల సెట్టుకి నేను పెట్టిన ఖర్చు అది. కార్ కంపెనీ డబ్బాలో వచ్చే సెట్టు అప్పట్లో రెండు వేలకి దగ్గర్లో ఉంది. "అన్నా, ఇదీ అదే మాల్. డబ్బా ఒక్కటే తేడా" అన్నాడు మెకానిక్. ప్రతి వారం మీకు కార్ల గురించి చెప్పేవాడిని, నాకు తెలియకపోవడమేంటి? తెలుసు. కానీ ఆ నెలే ఇన్సూరెన్స్ కట్టాను, వెనక టైర్లు కూడా మార్చాలి. "సరే, బిగించేయ్" అన్నాను.

బిగించాక గ్యారేజ్ బయట ఒక రౌండ్ కొట్టా. ఠక్కున ఆగింది. కీచుమన్న శబ్దం లేదు, పెడల్ కూడా గట్టిగానే ఉంది. తర్వాత రెండు నెలలు కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో రోజూ తిప్పినా ఏ తేడా తెలియలేదు. వెయ్యికి పైగా మిగిలిందని నలుగురికి చెప్పాను కూడా.

కార్తీక మాసంలో అమ్మని తీసుకుని శ్రీశైలం బయల్దేరాం. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లకి తెలుసు, మన్ననూరు దాటాక అడవి రోడ్డు హాయిగా ఉంటుంది. ఈగలపెంట దాటాక మాత్రం కృష్ణ దాకా వంపులు తిరుగుతూ దిగుడే. నేను మూడో గేర్లో, మలుపు మలుపుకీ బ్రేక్ మీద కాలేసి దిగుతున్నా. సగం దూరం వెళ్లామో లేదో, "ఏదో కాలిన వాసన వస్తోందిరా" అంది అమ్మ. ముందు వెళ్తున్న బస్సుదేమో అనుకున్నా. తర్వాతి మలుపులో బ్రేక్ నొక్కితే పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కానీ కారు ఆగాల్సినంత ఆగట్లేదు. ఇంకా గట్టిగా నొక్కా. అప్పటికీ అంతే. ఎదురుగా ఇంకో బస్సు, పక్కన లోయ.

రెండో గేరుకి, ఆ తర్వాత ఒకటో గేరుకి దించి, ఇంజిన్ అరుస్తుంటే పాకుతున్నట్టు దిగి, కాస్త వెడల్పు దొరికిన చోట ఆపాను. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. అమ్మకి ఏమీ చెప్పలేదు. "ఇంజిన్ వేడెక్కింది, ఓ అరగంట ఆగుదాం" అన్నానంతే. తిరిగొచ్చాక చక్రం విప్పి చూస్తే ప్యాడ్ల ముఖం గాజులా నున్నగా మెరుస్తోంది. ఒకదాని మీద అడ్డంగా పగులు.

ఆ రోజు నాకు తెలిసొచ్చిన విషయం ఒకటే. చల్లగా ఉన్నప్పుడు అన్ని ప్యాడ్లూ ఒకేలా ఆపుతాయి. లోకల్‌దీ ఆపుతుంది, కంపెనీదీ ఆపుతుంది. తేడా వేడెక్కినప్పుడే బయటపడుతుంది. కాబట్టి గ్యారేజ్ బయట కొట్టే రౌండ్ పరీక్షే కాదు. మనం డబ్బులిచ్చేది ప్యాడ్ వేడిలో ఎలా ఉంటుందనేదానికి. దాన్ని కొనే ముందు చూడలేం, కాబట్టి డబ్బా మీద, ప్యాడ్ మీద ఉన్న ఆనవాళ్లని బట్టి ఊహించాలి.

వేడి ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చెప్తా. బ్రేక్ చేసే పని కారు వేగాన్ని వేడిగా మార్చడమే. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఘాట్ దిగేటప్పుడు వేగం పెరగకపోయినా, దిగే ఎత్తంతా వేడిగా మారాల్సిందే. తిరుపతికి, తిరుమలకి ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అంత ఎత్తు దిగితే వచ్చే శక్తి, గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారుని దాదాపు 50 సార్లు పూర్తిగా ఆపినదానితో సమానం. కారు బరువెంతైనా లెక్క మారదు, రెండు వైపులా బరువు కొట్టేసుకుపోతుంది. ఇందులో కొంత గాలి, టైర్ల రాపిడి తినేస్తాయి. మిగతాది ఇంజిన్ మొయ్యాలా, బ్రేకులు మొయ్యాలా అన్నది గేర్ రాడ్ మీదున్న మీ ఎడమ చెయ్యి తేలుస్తుంది. నేను ఆ రోజు మూడో గేర్లో దిగి మొత్తం బ్రేకుల నెత్తిన పెట్టాను. అంటే తప్పు ప్యాడ్లదే కాదు, సగం నాది.

ప్యాడ్‌లో రాపిడి పదార్థాన్ని పట్టి ఉంచేది ఒక రకం రెజిన్. నాసిరకం ప్యాడ్‌లో ఈ రెజిన్ తొందరగా మాడిపోయి వాయువులు వదులుతుంది. డిస్క్‌కీ ప్యాడ్‌కీ మధ్య పట్టు పోతుంది. దీన్నే ఫేడ్ అంటారు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది ప్యాడ్ ఫేడ్. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతే మాత్రం బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలొచ్చాయని అర్థం, అది ఇంకో జబ్బు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకుని పాతబడ్డాక 140 దగ్గరే మరగొచ్చు. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ప్యాడ్లు ఎంత మంచివి వేసినా, నాలుగేళ్లుగా ఆయిల్ మార్చకపోతే ఘాట్‌లో మళ్లీ అదే కథ. రెండేళ్లకోసారి మార్పించండి. ఖర్చు ఒక సినిమా టికెట్లు, పాప్‌కార్న్ అంత.

ఇక ప్యాడ్ చేతికి తీసుకుని చూద్దాం. చాలా మంది డబ్బా మీద పేరు చూసి ఆగిపోతారు. ప్యాడ్ పక్క అంచునో, వెనక ఇనుప ప్లేటు మీదో అక్షరాలు, అంకెలు ఉంటాయి, వాటి చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు వెతకండి. ఈఈ, ఎఫ్ఎఫ్, జీజీ, ఎఫ్ఈ ఇలా. ఇది అమెరికన్ ఎస్ఏఈ పద్ధతి. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఈ అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రోజువారీ కారుకి ఎఫ్ఎఫ్ కనిపిస్తే నేను తల ఊపుతా. ఎఫ్ఈ అంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందని వాళ్లే ఒప్పుకున్నట్టు.

అలాగని జీజీ ఉంది కదా, ఇంకా గొప్పది అని ఎగబడొద్దు. ముందు చక్రాలకి అవసరానికి మించిన పట్టు ఇస్తే, వెనకున్న డ్రమ్ బ్రేకులతో కంపెనీ పెట్టిన లెక్క తప్పుతుంది. తడి రోడ్డు మీద ముందు చక్రాలు త్వరగా లాక్ అవుతాయి, ఏబీఎస్ మాటిమాటికీ అడ్డం పడాల్సొస్తుంది. ఇంకో సంగతి, ఈ అక్షరాలు చిన్న ముక్క మీద చేసిన పరీక్షవి. మన్నిక, శబ్దం, దుమ్ము గురించి ఇవేమీ చెప్పవు. ఎఫ్ఎఫ్ ఉన్న రెండు ప్యాడ్లు ఒకేలా ఉండాలని లేదు. కానీ అసలు ఏ అక్షరమూ, ఏ బ్యాచ్ నంబరూ లేని ప్యాడ్ అయితే? నా రూ.650 ప్యాడ్ అలాంటిదే. ఇనుప ప్లేటు మీద నల్ల రంగు తప్ప ఇంకేం లేదు.

ఇంతకంటే గట్టి గుర్తు ఒకటుంది. గుండ్రంలో ఇంగ్లీషు 'ఇ', దాని పక్కన ఒక అంకె, తర్వాత 90ఆర్ అని మొదలయ్యే నంబరు. యూరప్ దేశాలు పాటించే ఆర్90 అనే నిబంధన ప్రకారం పాసైన ప్యాడ్ అని దాని అర్థం. మార్చి వేసే ప్యాడ్ పనితీరు ఒరిజినల్‌కి 15 శాతం అటూ ఇటూలోనే ఉండాలన్నది ఆ నిబంధన. గమనించండి, ఎక్కువైనా ఫెయిలే. మన షాపుల్లో అన్నిటి మీదా ఇది ఉండదు, ఉన్నవి దొరుకుతాయి. ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టించుకోండి.

సిరామిక్ సంగతేంటని అడుగుతారు. ఈ మధ్య నాకొచ్చే మెసేజుల్లో సగం ఇవే. రీల్స్ పుణ్యం. సిరామిక్ ప్యాడ్లు దుమ్ము తక్కువ వదులుతాయి, శబ్దం తక్కువ, అల్లాయ్ వీల్స్ నల్లబడవు, డిస్క్‌ని తక్కువ అరగదీస్తాయి. నిజమే. కానీ సిరామిక్ అంటే పట్టు ఎక్కువని కాదు, మంచి సిరామిక్ కొన్న ధర మీకు శుభ్రత, నిశ్శబ్దం ఇస్తుంది. పైగా ఆ మాట డబ్బా మీద అచ్చెయ్యడం చాలా తేలిక. ఆర్గానిక్ రకం మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటుంది, తొందరగా అరుగుతుంది, వేడికి ముందు లొంగేది కూడా ఇదే. సెమీ మెటాలిక్‌లో లోహం పాలు ఎక్కువ, వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాస్త కీచుమంటుంది, డిస్క్‌ని ఎక్కువ తింటుంది, చక్రం మీద నల్ల పొడి. వీటి మధ్యలో లో మెటాలిక్ ఉంది. నా మాట అడిగితే, మీ కారుతో మొదట ఏ రకం వచ్చిందో దానికి దగ్గరగా ఉన్నదే తీసుకోండి. ఆ పెడల్, ఆ బూస్టర్, ఆ డిస్క్ అన్నీ దాని చుట్టూ కట్టినవే. ట్రాక్ మీద పరిగెత్తే కార్లకి వేసే ప్యాడ్లయితే అసలొద్దు. అవి వేడెక్కితే గానీ పనిచెయ్యవు, మీరు పొద్దున అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బ్రేక్ వేస్తారు.

మరి ఎక్కడ కొనాలి? కౌంటర్లో మూడు రకాలు చూపిస్తారు. ఒకటి కార్ కంపెనీ సొంత డబ్బా: మారుతికి ఎంజీపీ, హ్యుందాయ్‌కి మోబిస్. రెండోది పేరున్న పార్ట్స్ కంపెనీల డబ్బా: బాష్, రాణే, బ్రెంబో, అలైడ్ నిప్పాన్ లాంటివి. మూడోది "లోకల్ పీస్". మూడోదాన్ని పక్కన పెట్టేయండి, నేను పడ్డది చాలు. మొదటి రెండిట్లో ఏది తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. జెన్యూన్ కొంటే ఆలోచించే పని తప్పుతుంది, దానికే ఎక్కువిస్తున్నారు. రెండోదాంట్లో కొంత డబ్బు మిగులుతుంది, కానీ మీరు కాస్త పరీక్షగా చూడాలి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ వెళ్లి "స్విఫ్ట్ ప్యాడ్లియ్యి" అంటే కుర్రాడు ఏదో ఒకటి తెచ్చిస్తాడు. ఒకే పేరుతో వచ్చిన కార్లలోనే ఏడాదిని, వేరియంట్‌ని బట్టి కాలిపర్ మారుతుంటుంది. ఆర్సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, దాన్ని బట్టి పార్ట్ నంబర్ చూడమనండి. పాత ప్యాడ్ విప్పి చేత్తో పట్టుకెళ్తే ఇంకా మంచిది. ప్లేటు ఆకారం, చెవులు, మందం పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

నకిలీలు ఎక్కువ వచ్చేదీ పేరున్న డబ్బాల్లోనే, పేరు లేనివాడికి నకిలీ ఎవడు చేస్తాడు? డబ్బా మీద స్పెల్లింగ్ తప్పులు, వెలిసిన అచ్చు, చిరిగి మళ్లీ అంటించిన సీలు చూడండి. క్యూఆర్ కోడ్ ఉంటే అక్కడే స్కాన్ చెయ్యండి, అది వేరే ఏదో పేజీకి తీసుకెళ్తే డబ్బా వెనక్కిచ్చేయండి. ప్యాడ్ తీసి ఇనుప ప్లేటుకీ పదార్థానికీ మధ్య గోరు పెట్టి చూడండి, సందు ఉండకూడదు. అంచులు పెచ్చులూడుతుంటే వద్దు. నాలుగు ప్యాడ్ల మీదా ఒకే బ్యాచ్ నంబరు ఉండాలి. నాకు బాగా పనికొచ్చిన పరీక్ష మాత్రం వేరే ఉంది: "పార్ట్ నంబర్ వేసి జీఎస్టీ బిల్లు ఇవ్వండి" అని అడగడం. కొందరు వెంటనే కొడతారు. కొందరు "బిల్లు ఎందుకన్నా, నేనున్నా కదా" అంటారు. అప్పుడు మీరు అక్కడ ఉండక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొన్నా అంతే, కంపెనీ పేరుతో పాటు అమ్మేవాడి పేరు కూడా చూడండి.

మంచి ప్యాడ్లు తెచ్చి బిగింపులో పాడుచేసుకోవడం కూడా మామూలే. ఇక్కడ మీరు పక్కన నిలబడాలి, టీ తాగడానికి వెళ్లకండి. కాలిపర్ జారే పిన్నులు బయటికి తీసి, శుభ్రం చేసి, బ్రేకులకి వాడే వేడి తట్టుకునే గ్రీజు రాయమనండి. బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది, అప్పుడు ఒక ప్యాడ్ పూర్తిగా అరిగి ఇంకోటి కొత్తగానే ఉంటుంది. డిస్క్ అంచు మీద కనీస మందం అచ్చేసి ఉంటుంది, కొలిపించండి. అంతకంటే పల్చబడితే లేత్ మీద పెట్టి నున్నగా చేయించడం కాదు, మార్చడమే. పాత దుమ్ముని గాలి గొట్టంతో ఊదనివ్వకండి, పీల్చేది మీరూ ఆ కుర్రాడూ. తడిగుడ్డతో గానీ బ్రేక్ క్లీనర్‌తో గానీ తుడవమనండి. డబ్బా మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉన్నా సరే.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోవద్దు. కొత్త ప్యాడ్లు దూరాలంటే పిస్టన్లని వెనక్కి నొక్కుతారు. బిగించాక మొదటిసారి పెడల్ నొక్కితే అది నేల దాకా వెళ్లిపోతుంది, బ్రేక్ ఉండదు. అందుకే కారు కదిలించే ముందే, ఇంజిన్ స్టార్ట్ చేసి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నొక్కాలి. గ్యారేజ్ నుంచి వెనక్కి తీస్తూ గోడని గుద్దిన కార్లని నేను రెండు చూశాను.

తర్వాత డిస్క్‌తో ప్యాడ్‌కి పొత్తు కుదర్చాలి, దీన్ని బెడ్డింగ్ అంటారు. ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేనప్పుడు, గంటకి 60 నుంచి 20 దాకా మధ్యస్థంగా బ్రేక్ వేసి తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. అలా ఓ పదిసార్లు, మధ్య మధ్యలో కాస్త నడిపి చల్లబడనిస్తూ. చివర్లో బ్రేక్ తక్కువ వాడుతూ కొన్ని కిలోమీటర్లు తిప్పండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు వద్దు. అంటే కొత్త ప్యాడ్లు వేయించిన మర్నాడే ఘాట్ ఎక్కే ప్లాన్ పెట్టకండి. పండగ ముందు రోజు సర్వీసింగ్‌కి వెళ్లే అలవాటు మనది, అందుకే చెప్తున్నా.

ఎప్పుడు మార్చాలి అంటే, కిలోమీటర్ల లెక్క నమ్మొద్దు. హైవే మీద తిరిగే కారుకి 50 వేలు రావచ్చు, సిటీలో అందులో సగమే రావచ్చు. ప్యాడ్ పదార్థం కొత్తలో దాదాపు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చాల్సిందే. అల్లాయ్ వీల్ కన్నాల్లోంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే కనిపిస్తుంది. కొన్ని ప్యాడ్లకి చిన్న ఇనుప రేకు ఉంటుంది, అరుగుదల హద్దు దాటితే అది డిస్క్‌కి తగిలి సన్నగా అరుస్తుంది. ఆ అరుపుని మ్యూజిక్ పెంచి కప్పెయ్యకండి.

నేనిప్పుడు వాడేది పేరున్న పార్ట్స్ కంపెనీ ప్యాడ్లు. ఎఫ్ఎఫ్, బిల్లుతో, జెన్యూన్ కంటే ఐదు వందలు తక్కువకి దొరికాయి. బ్రేక్ ఆయిల్ కూడా అప్పుడే మార్పించా.

పోయిన నెల మళ్లీ శ్రీశైలం వెళ్లాం. ఈసారి ఈగలపెంట దాటగానే రెండో గేరు. వెనకున్న కారువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, కొట్టుకోనీ. కృష్ణ దగ్గర వంతెన దాటాక పక్కకి ఆపి, దిగి, ముందు చక్రం దగ్గర వంగి వాసన చూశా. వేడి తగిలింది, మాడు వాసన మాత్రం లేదు. "ఏంట్రా అది, కుక్కపిల్లలా?" అంది అమ్మ కిటికీలోంచి. ఆ రోజు సంగతి అప్పుడు చెప్పాను. రెండు తిట్లు తిట్టి, ఫ్లాస్క్‌లో టీ పోసిచ్చింది.